సెట్‌లో వచ్చిన పిచింగ్ వెడ్జ్ చాలా, విడిగా స్పెషాలిటీ వెడ్జ్ కొనాలా? 43 డిగ్రీల దగ్గర నేను చేసిన తప్పు

ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూ చేసే చోట గోల్ఫ్ క్లబ్ గోలేంటి అనుకుంటున్నారా? దీనికి కారణం ఒక గ్యాడ్జెట్టే. పోయిన సీజన్‌లో గార్మిన్ అప్రోచ్ ఆర్10 కొన్నాను. బంతికి ఆరేడు అడుగుల వెనక నేల మీద పెట్టే చిన్న రాడార్ అది. ఫోన్‌కి కనెక్ట్ అయ్యి ప్రతి షాట్ గాల్లో ఎంత దూరం వెళ్లిందో చెప్తుంది. గ్యాడ్జెట్ పిచ్చితో కొన్నదే. కానీ అది నాకు చూపించిన మొదటి నిజం ఏంటంటే, అంతకు రెండు వారాల ముందే దాదాపు 190 డాలర్లు పోసి కొన్న కొత్త క్లబ్ నాకు అసలు అక్కర్లేదని.

ముందే చెప్తున్నా, నేను కోచ్‌ని కాదు. కోడ్ రాసుకునేవాణ్ని. స్కోరు 100 లోపు వస్తే ఆ రోజు ఇంట్లో అందరికీ ఫోన్ చేసి చెప్పుకునే రకం. కాబట్టి ఇది నాలాంటి వాళ్లకి మాత్రమే పనికొచ్చే ఆర్టికల్.

100 గజాలు, ముందు చెరువు

నేనుండేది డాలస్ పక్కన ఫ్రిస్కోలో. పీజీఏ ఆఫ్ అమెరికా హెడ్‌క్వార్టర్స్ 2022లో ఈ ఊరికే వచ్చింది. ఊళ్లో మనవాళ్లు ఎక్కువని వేరే చెప్పక్కర్లేదు. మా క్రికెట్ బ్యాచ్‌లో సగం మంది ఇప్పుడు ఆదివారం పొద్దున్నే గోల్ఫ్ బ్యాగ్ సర్దుకుంటున్నారు. నేనూ అలాగే వచ్చి పడ్డాను. సెకండ్ హ్యాండ్‌లో టేలర్‌మేడ్ స్టెల్త్ ఐరన్ల సెట్ ఒకటి, విడిగా ఒక 56 డిగ్రీల శాండ్ వెడ్జ్. అంతే నా సామాను.

మేం ఎక్కువగా వెళ్లే పబ్లిక్ కోర్సులో ఒక హోల్ ఉంది. గ్రీన్‌కి నాకు దాదాపు ప్రతిసారీ 100 గజాల చుట్టూనే మిగులుతుంది. (గజాలంటే ఇక్కడ యార్డులు, ప్లాట్ల గజాలు కాదు.) గ్రీన్ ముందు చెరువు. నా పిచింగ్ వెడ్జ్ పూర్తిగా కొడితే 120 దాకా పోతుంది. దాని తర్వాత ఉన్న శాండ్ వెడ్జ్ 80 దాటితే గొప్ప. మధ్యలో ఏమీ లేదు. అందుకని పిచింగ్ వెడ్జ్‌నే కొంచెం ఊపు తగ్గించి కొట్టేవాణ్ని. తగ్గించాలని మొదలుపెట్టింది చివర్లో భయంతో ఇంకా తగ్గిపోయేది. బంతి నీళ్లలోకి. నాలుగు ఆదివారాల్లో మూడుసార్లు, అదే చోట.

ఆ కోపంలో నాకు తట్టిన లాజిక్ ఇది. సెట్‌లో వచ్చిన పిచింగ్ వెడ్జ్ అంటే ఫోన్ బాక్సులో వచ్చే ఇయర్‌ఫోన్స్ లాంటిది, పని నడుస్తుంది కానీ క్వాలిటీ ఉండదు. విడిగా వెడ్జ్‌లే చేసే లైన్ నుంచి ఒకటి కొంటే సెట్ అయిపోతుంది. ఆన్‌లైన్‌లో 46 డిగ్రీల దాని పక్కన ‘పిచింగ్ వెడ్జ్’ అని కనబడగానే ఆర్డర్ కొట్టేశాను.

తర్వాతి ఆదివారం దాన్ని చూసి మా టీమ్‌లో సీనియర్ అన్న ఒకాయన నా పాత పిచింగ్ వెడ్జ్ కూడా తియ్యమన్నాడు. రెండూ పక్కపక్కన పట్టుకుని చూశాడు.

“తమ్ముడూ, నీ పాతదాని లాఫ్ట్ ఎంత?”

“పిచింగ్ వెడ్జే కదన్నా. అదీ 46 ఉంటుంది.”

“ఉంటుంది కాదు, ఫోన్ తీసి చూడు.”

చూశాను. 43. ఫోన్ కొనేటప్పుడు డిస్‌ప్లే నిట్స్ దగ్గర్నుంచి కెమెరా సెన్సర్ సైజు దాకా వదలకుండా చదివేవాణ్ని, ఈ సెట్‌కి స్పెక్ షీట్ ఒక్కసారి కూడా తెరవలేదు. నాకు ఖాళీ ఉన్నది 43కీ 56కీ మధ్య. నేను కొన్నది 43 పక్కనే ఇంకోటి. మిగతా పది డిగ్రీల గొయ్యి అలాగే ఉంది.

‘పి’ అనే అక్షరం స్పెక్ కాదు

గోల్ఫ్ కొత్తవాళ్లకి రెండు ముక్కలు. ఐరన్ల వరుసలో చివర ఉండి, బంతిని ఎత్తుగా లేపి దగ్గర్లోనే దింపే క్లబ్బులు వెడ్జ్‌లు. క్లబ్ ఫేస్ ఎంత వెనక్కి వాలి ఉందో ఆ కోణం లాఫ్ట్. లాఫ్ట్ పెరిగేకొద్దీ ఎత్తు ఎక్కువ, దూరం తక్కువ. సెట్‌తో వచ్చే పిచింగ్ వెడ్జ్ అడుగున సాధారణంగా ‘పి’ అనో ‘పీడబ్ల్యూ’ అనో మాత్రమే రాసుంటుంది. స్పెషాలిటీ వెడ్జ్ మీద మాత్రం 46, 50, 56 అని అంకె ఉంటుంది. తేడా అంతా అక్కడే మొదలవుతుంది.

ఫోన్ పేరు చివర ‘ప్రో’ అని ఉన్నంత మాత్రాన లోపల ఏముందో తెలియదు కదా, ‘పి’ కూడా అంతే. పింగ్ కంపెనీనే తీసుకోండి. 1980ల్లో బాగా పేరు తెచ్చుకున్న వాళ్ల ఐ2 సెట్‌లో పిచింగ్ వెడ్జ్ లాఫ్ట్ 50 డిగ్రీల పైన. 2023లో వచ్చిన జీ430 సెట్‌లో 41. అక్షరం అదే, కంపెనీ అదే, తేడా తొమ్మిది డిగ్రీలకి పైనే. ఈ 41 డిగ్రీలంటే ఆ రోజుల్లో దాదాపు ఎనిమిదో నంబర్ ఐరన్ లెక్క. టైటలిస్ట్‌లో టీ100 పిచింగ్ వెడ్జ్ 46 అయితే, అదే కంపెనీ టీ200లో 43.

ఇది పూర్తిగా మోసం అని కొట్టిపారేయలేం. ఇప్పటి గేమ్ ఇంప్రూవ్‌మెంట్ ఐరన్లలో బరువుని కిందికి, అంచులకి తోస్తారు. దాంతో బంతి తనంతట తానే ఎత్తుగా లేస్తుంది. పాత లాఫ్ట్ అలాగే ఉంచితే బంతి మరీ పైకి లేచి దూరం తగ్గుతుంది, కాబట్టి లాఫ్ట్ తగ్గిస్తారు. షాపులో డెమో కొట్టినప్పుడు “ఏడో నంబర్‌తో ఇంత దూరమా!” అని మనం మురిసిపోవడం కూడా ఒక కారణమే, అది కంపెనీలకి బాగా తెలుసు. ఏదేమైనా పై నుంచి అన్నీ దూరం జరిగాయి, కింద శాండ్ వెడ్జ్ మాత్రం ఇప్పటికీ 54-56 దగ్గరే కూర్చుంది. మధ్యలో పడ్డ ఖాళీ మన జేబుకి వచ్చింది. పింగ్ వాళ్లు ఆ ఖాళీని దాచలేదు. జీ430 సెట్‌లోనే 41 తర్వాత 45.5, 50, 54, 58 డిగ్రీల వెడ్జ్‌లు ఇచ్చారు. అంటే అదే డిజైన్‌లో ఐదు వెడ్జ్‌లు. బ్యాగ్‌లో మొత్తం 14 క్లబ్బులకి మించి పెట్టుకోకూడదన్న రూల్ మాత్రం మారలేదు కాబట్టి, కింద ఒకటి చేర్చితే పైన ఒకటి తియ్యాలి.

రెండిటి లోపల ఏముంది

సెట్ వెడ్జ్ అంటే మీ తొమ్మిదో ఐరన్‌కి తమ్ముడు. అదే షేపు, వెనక అదే ఖాళీ, అదే వెడల్పు అడుగు, అదే షాఫ్ట్. బంతి ఫేస్ మధ్యలో కాకుండా పక్కకి తగిలినా మరీ ఘోరంగా పోదు.

స్పెషాలిటీ వెడ్జ్ వేరే జాతి. టైటలిస్ట్ వోకీ, క్లీవ్‌ల్యాండ్ ఆర్‌టీఎక్స్ లాంటివి చూడండి. వెనక దాదాపు చదునుగా, తల కొంచెం బరువుగా, బరువు కేంద్రం కొంచెం పైకి ఉంటాయి. బంతి తక్కువ ఎత్తులో, ఎక్కువ స్పిన్‌తో బయల్దేరేలా చేయడం దీని పని. ఫేస్ మీద గాడులు, వాటి మధ్య సన్నని గరుకు గీతలు మిషన్‌తో చెక్కుతారు. మెటల్ కూడా తరచుగా మెత్తటి కార్బన్ స్టీల్. అందుకే చేతికి వచ్చే ఫీల్ బావుంటుంది, అందుకే కొంచెం త్వరగా అరుగుతుంది కూడా.

ఇక్కడ ఒక అపోహ తీసేద్దాం. “స్పెషాలిటీ వెడ్జ్ గాడులకి రూల్ వేరు, అందుకే స్పిన్ ఎక్కువ” అని చాలామంది అంటారు. కాదు. 2010లో అమల్లోకి వచ్చిన గాడుల రూల్ 25 డిగ్రీలు, ఆ పైన లాఫ్ట్ ఉన్న క్లబ్బులన్నిటికీ ఒకటే. మీ సెట్ పిచింగ్ వెడ్జ్‌కీ, 200 డాలర్ల వెడ్జ్‌కీ గాడి ఎంత పెద్దగా ఉండొచ్చు, అంచు ఎంత పదునుగా ఉండొచ్చు అన్నదానికి పరిమితి సేమ్. స్పెషాలిటీ వాళ్లు ఆ పరిమితికి ఎంత దగ్గరగా, ఎంత కచ్చితంగా చెక్కుతారన్నదే తేడా.

ఎవరూ పెద్దగా పట్టించుకోని విషయం షాఫ్ట్. నా దృష్టిలో లాఫ్ట్ తర్వాత ఇదే ముఖ్యం. గేమ్ ఇంప్రూవ్‌మెంట్ సెట్లు చాలావాటిలో తేలికపాటి షాఫ్టులు వస్తాయి, గ్రాఫైట్ అయితే 60-70 గ్రాములవి కూడా ఉంటాయి. విడిగా రెడీమేడ్‌గా దొరికే వెడ్జ్‌లలో మామూలుగా డైనమిక్ గోల్డ్ లాంటి స్టీల్ షాఫ్ట్ ఉంటుంది, 120 గ్రాముల పైనే. అంటే తొమ్మిదో ఐరన్ వరకు ఒక బరువు, తర్వాత క్లబ్‌కి హఠాత్తుగా దాదాపు రెట్టింపు షాఫ్ట్. చిన్న ఫోన్ వాడి వాడి ఒకేసారి పవర్ బ్యాంక్ తగిలించిన ట్యాబ్ పట్టుకున్నట్టుంటుంది. గ్రీన్ పక్కన చిన్న షాట్లకి ఆ బరువు మంచిదే, చెయ్యి వణకదు. ఫుల్ స్వింగ్‌లో మాత్రం టైమింగ్ పోతుంది. ఆర్డర్ చేసేటప్పుడు మీ ఐరన్ల షాఫ్టే వేయించుకోగలిగితే సగం సమస్య తీరుతుంది. నేను అడగను కూడా అడగలేదు.

రాడార్ పెట్టి కొట్టి చూశాను

రేంజ్‌లో ఒక పొద్దున, ఎండ ముదరక ముందు, ఒక్కో క్లబ్‌తో పదిహేనేసి బంతులు కొట్టాను. అన్నీ ఒకే రకం బంతులు, నేను ఇంటి నుంచి తెచ్చుకున్నవి. రేంజ్ బంతులు అరిగిపోయి ఉంటాయి కాబట్టి వాటి నంబర్లు నమ్మకూడదు. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. ఈ ధరలో రాడార్లు గాల్లో దూరాన్ని, అంటే క్యారీని బాగానే పట్టుకుంటాయి. వెడ్జ్ స్పిన్ నంబర్ చాలావరకు లెక్కగట్టి ఇచ్చేదే. అందుకని స్పిన్ కాలమ్ నేను చూడటమే మానేశాను. స్పిన్ మీద ఎవరైనా ఇంత చిన్న రాడార్ స్క్రీన్‌షాట్ పెట్టి వాదిస్తే నవ్వి ఊరుకోండి.

సెట్ 43తో సగటు క్యారీ 121. కొత్త స్పెషాలిటీ 46తో 113. శాండ్ వెడ్జ్‌తో 81. అంటే 190 డాలర్లు పెట్టి నేను కొనుక్కున్నది ఎనిమిది గజాలు. 113కీ 81కీ మధ్య 32 గజాల గొయ్యి, అందులోనే నా చెరువు.

సగటు కంటే నాకు ఎక్కువ తెలివి తెప్పించింది చెడ్డ షాట్లు. సెట్ వెడ్జ్‌తో పక్కకి తగిలిన బంతులు ఆరేడు గజాలు తగ్గాయి. కొత్తదానితో అదే తప్పుకి పది నుంచి పదిహేను గజాలు పోయాయి. ప్రో ఆటగాడికి ఇది లెక్కలోకి రాదు, వాడికి పదిహేనులో పద్నాలుగు మధ్యలో తగులుతాయి. నాకు ఆరు తగిలితే ఎక్కువ. గ్రీన్ ముందు నీళ్లున్నప్పుడు నాకు కావాల్సింది మంచి షాట్ ఎంత బావుందో కాదు, చెడ్డ షాట్ ఎంత దూరం మిగిలిందో.

తర్వాత రేంజ్ పక్కన చిప్పింగ్ గ్రీన్‌కి వెళ్లాను. అక్కడ కథ తిరగబడింది. ఇరవై గజాల నుంచి చిన్న ఊపుతో కొడితే స్పెషాలిటీ వెడ్జ్ బంతి తక్కువ ఎత్తులో వెళ్లి, ఒకటి రెండు గెంతులేసి ఆగింది. సెట్ వెడ్జ్‌తో ఒకటి బాగానే వెళ్లి, ఇంకోటి ఫేస్ నుంచి ఎగిరినట్టు పరిగెత్తింది. దాని వెడల్పు అడుగు, ముందుకు పొడుచుకొచ్చినట్టుండే షాఫ్ట్ ఆఫ్‌సెట్ ఫుల్ స్వింగ్‌కి సాయం, కానీ ఫేస్‌ని కొంచెం తెరిచి కొట్టాలంటే అడ్డం. ఒకసారి కొట్టి చూస్తే మీకే అర్థమవుతుంది.

అన్నట్టు, గ్రీన్ చుట్టూ స్పిన్ కావాలనుకునేవాళ్లు వెడ్జ్ మార్చే ముందు బంతి మార్చండి. యురెథేన్ కవర్ ఉన్న బంతికీ, డజన్ చవగ్గా దొరికే గట్టి కవర్ బంతికీ చిప్ షాట్‌లో ఉన్న తేడా ముందు ఈ రెండు వెడ్జ్‌ల తేడా చిన్నదే. నాలాగా చెరువుకి నైవేద్యం పెట్టేవాళ్లు ఖరీదు బంతులు కొనలేరు, అది వేరే విషయం.

బౌన్స్ సంగతి

స్పెషాలిటీ వెడ్జ్‌కి డబ్బులు పెట్టడానికి అసలైన కారణం నా లెక్కలో ఇదే. వెడ్జ్ అడుగు నేలతో చేసే కోణం బౌన్స్. ఎక్కువుంటే క్లబ్ ఇసకలో, మెత్తటి నేలలో గుచ్చుకోకుండా జారుతుంది. తక్కువుంటే గట్టి నేల మీద అడుగు తగిలి ఎగరకుండా బంతి కిందికి దూరుతుంది. ఈ ఐడియా పాతదే. జీన్ సరజెన్ తన శాండ్ వెడ్జ్ అడుగున లోహం పోసి పెంచుకుని 1932లో బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. ఈరోజు మనం కొనేవన్నీ ఆ క్లబ్‌కి మనవలే.

సెట్ వెడ్జ్‌లో బౌన్స్ ఎంతుందో అంతే, తీసుకో లేదా వదిలెయ్. స్పెషాలిటీలో 54, 56, 58 లాంటి లాఫ్టుల్లో రకరకాల బౌన్స్, అడుగు చెక్కిన తీరు ఎంచుకోవచ్చు. కానీ గమనించండి, 46, 48 దగ్గర ఆ ఛాయిస్ దాదాపు ఉండదు. వోకీ ఎస్ఎం10లో 46కి దొరికేది పది డిగ్రీల బౌన్స్, ఎఫ్ గ్రైండ్. కంపెనీయే అక్కడ ఒకటే చాలనుకుంది, ఎందుకంటే ఆ లాఫ్ట్‌తో ఎవరైనా ఎక్కువగా కొట్టేది ఫుల్ షాట్లే. నేను ఆర్డర్ కొట్టే ముందు ఈ ఒక్క విషయం ఆలోచించి ఉంటే సరిపోయేది. బౌన్స్ డబ్బులు 54-58 దగ్గర పెట్టండి. ఇక్కడి నల్లమట్టి ఆగస్టులో రాయిలా ఉంటుంది, హైదరాబాద్‌లో ఏప్రిల్, మేలో ఆడేవాళ్లకీ గట్టి నేల కొత్త కాదు. వాన పడే నెలల్లో కథ మారుతుంది. మీరు సంవత్సరంలో ఎక్కువ రోజులు ఆడే నేలని బట్టి తీసుకోండి.

ప్రోలు ఏం వాడతారు అని అడిగితే

రెండూ వాడతారు. స్కాటీ షెఫ్లర్ బ్యాగ్‌లో పిచింగ్ వెడ్జ్ దాకా ఐరన్ల సెట్టే, ఆ తర్వాత 50, 56, 60 వోకీలు. జస్టిన్ థామస్ 46 నుంచే వోకీ పెట్టుకుంటాడు. కానీ వీళ్లని చూసి మనం డిసైడ్ అవ్వకూడదు. టూర్ ప్లేయర్ల సెట్‌లో పిచింగ్ వెడ్జ్ 46-48 చుట్టూ ఉండే సన్నటి బ్లేడ్. దానికీ స్పెషాలిటీ 46కీ కుటుంబ పోలిక ఎక్కువ, ఏది పెట్టుకున్నా గ్యాప్ చెడదు. మన 41, 43ల సంగతి అలా కాదు.

మరి ఏం చేయాలి? ముందు స్పెక్ షీట్ తెరిచి మీ ‘పి’ లాఫ్ట్ చూడండి. 41-44 ఉంటే దాన్ని కదపొద్దు, దాని కింద నాలుగు నుంచి ఆరు డిగ్రీల దూరంలో ఇంకోటి చేర్చండి. ఆ రెండోది కూడా మీరు ఎక్కువగా ఫుల్ స్వింగ్‌తోనే కొడతారనుకుంటే అదే సెట్‌ది తీసుకోండి. గ్రీన్ పక్కన కూడా దాన్నే వాడతారనుకుంటే స్పెషాలిటీ 50 మంచిది. మధ్యేమార్గం కావాలంటే క్లీవ్‌ల్యాండ్ సీబీఎక్స్ లాంటి వెనక ఖాళీ ఉన్న వెడ్జ్‌లున్నాయి. నాలాంటి స్థాయి వాళ్లకి అవి తక్కువ పేరు తెచ్చుకున్న మంచి వస్తువులు. మీ ‘పి’ 46 పైన ఉండి, ఐరన్లు మధ్యలోనే తగులుతున్నాయనుకుంటే అప్పుడు స్పెషాలిటీ పిచింగ్ వెడ్జ్ ఆలోచించొచ్చు. ఒకటి రెండు డిగ్రీల తేడాకి కొత్తది కొనక్కర్లేదు, షాపులో మెడ దగ్గర వంచి సరిచేస్తారు. లాఫ్ట్ ఒక డిగ్రీ తగ్గిస్తే బౌన్స్ కూడా దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుందని గుర్తుంచుకోండి.

కొత్తగా సెట్ కొనేవాళ్లు గ్యాప్ వెడ్జ్‌ని అప్పుడే కలిపి ఆర్డర్ చేయండి. మోడల్ మారిపోయాక అదే డిజైన్‌లో ఒక్క క్లబ్ వెతకడం ఎంత కష్టమో నేను చూశాను. నా సెట్‌కి సరిపోయే 49 డిగ్రీల వెడ్జ్ వాడినది దొరకడానికి మూడు వారాలు పట్టింది. షాఫ్ట్ సేమ్, గ్రిప్ మాత్రం అరిగిపోయి ఉంది, మార్పించుకున్నాను. కొత్త 46ని 130 డాలర్లకి అమ్మేశాను, కొన్నాయన బ్లేడ్లు ఆడే మనిషి, దాన్ని చూసి తెగ సంతోషపడ్డాడు. ఇప్పుడు నా క్యారీలు 121, 103, 81.

మొన్న ఆదివారం మళ్లీ అదే హోల్. రేంజ్‌ఫైండర్‌లో 101 చూపించింది. 49 తీసి భయం లేకుండా పూర్తిగా కొట్టాను. సరిగ్గా మధ్యలో తగల్లేదు, చేతికి తెలిసింది. అయినా బంతి నీళ్లు దాటి గ్రీన్ ముందు అంచున పడి రెండు గెంతులేసి ఆగింది. అక్కణ్నుంచి మూడు పట్‌లు పట్టాయి.